సోలార్ సరే, మరి గుడ్డ సంగతి?

ప్రశ్న: మాది హైదరాబాద్ శివార్లలో 110 మెషిన్ల కుట్టు యూనిట్. బెంగళూరు కంపెనీ ఒకదానికి నెలకు 40 వేల టీషర్టులు కుట్టిస్తాం. వాళ్లు యూరప్‌కు పంపుతారు. గుడ్డ తిరుప్పూర్ నుంచి రంగు వేసిందే తెప్పిస్తాం, నెలకు 8 టన్నులు. కరెంటు నెలకు 11 వేల యూనిట్లు, జనరేటర్‌కు 250 లీటర్ల డీజిల్. రెండేళ్ల కింద సొంత బ్రాండ్ పెట్టి ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతున్నాం. ఈ మధ్య బయ్యర్ ఒక ఎక్సెల్ షీట్ పంపాడు. మీ కార్బన్ ఉద్గారాలు ఎంత, 2030 నాటికి ఎంత తగ్గిస్తారు, స్కోప్ 1, 2, 3 విడివిడిగా నింపండి అన్నాడు. మూడు వారాలే గడువు. టెన్షన్‌గా ఉంది. మా అబ్బాయేమో షెడ్డు మీద నిండా సోలార్ పెట్టేస్తే అయిపోతుంది, జనరేటర్ కూడా తీసేయొచ్చు అంటాడు. ఒక కన్సల్టెంట్ వచ్చి మూడున్నర లక్షలిస్తే మొక్కలు నాటించి 'కార్బన్ న్యూట్రల్' సర్టిఫికెట్ ఇప్పిస్తానన్నాడు. మా కటింగ్ మాస్టర్ 'పొగ గొట్టం లేని ఫ్యాక్టరీకి కార్బన్ ఏంటి సార్' అని నవ్వుతున్నాడు. గోడౌన్‌లో అమ్ముడుపోని మా బ్రాండ్ పీసులు ఆరు వేలు ఉన్నాయి గానీ, అక్కడ ఏసీ లేదు, రెండు బల్బులే కాబట్టి దాని లెక్క అక్కర్లేదనుకుంటా. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

— పేరు వేయొద్దన్న ఒక యజమాని

సమాధానం: మీ కటింగ్ మాస్టర్ నవ్వులో సగం నిజం ఉంది. పొగ గొట్టం మీ ఆవరణలో లేదు. మీరు కొనే గుడ్డ తాను వెనకాల ఎక్కడో ఒక డైయింగ్ బాయిలర్ ఉంది, దాని వెనకాల ఒక స్పిన్నింగ్ మిల్లు, దాని వెనకాల యూరియా చల్లిన పత్తి చేను. షీట్‌లో స్కోప్ 3 అని రాసి ఉన్నది చాలావరకు ఆ వెనకాల సంగతే. మీ ఉత్తరంలో సోలార్, డీజిల్, మొక్కలు, బల్బులు అన్నీ ఉన్నాయి. నెలకు 8 టన్నుల గుడ్డ గురించి మాత్రం ఒక్క వాక్యం రాసి వదిలేశారు. అసలు విషయం ఆ వాక్యంలో ఉంది.

ముందు మీ సొంత లెక్క చేద్దాం, అంకెలు మీరే ఇచ్చారు కాబట్టి ఐదు నిమిషాల పని. మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ ఏటా ఈ అంకె ప్రకటిస్తుంది, షీట్‌లో తాజాది చూసి వేయండి. మీ 11 వేల యూనిట్లకు నెలకు 7.7 టన్నులు. అది స్కోప్ 2, అంటే మీరు కొన్న కరెంటు కోసం వేరేచోట వెలువడేది. లీటరు డీజిల్ కాలిస్తే దాదాపు 2.7 కిలోలు, అంటే 250 లీటర్లకు 675 కిలోలు. అది స్కోప్ 1, అంటే మీ సొంత మెషిన్లు, బండ్ల నుంచి నేరుగా గాల్లోకి పోయేది. రెండూ కలిపి 8.4 టన్నులు. క్యాంటీన్ గ్యాస్ సిలిండర్లు, మీ డెలివరీ వ్యాను కూడా స్కోప్ 1లోనే వేయాలి. అందరూ మర్చిపోయేది ఇంకోటుంది: ఆఫీసు ఏసీ. 'గ్యాస్ అయిపోయింది సార్' అని మెకానిక్ నింపిపోయాడంటే పాత గ్యాస్ గాల్లో కలిసిందనే అర్థం. ఆర్-410ఏ రకం ఒక్క కిలో కారితే రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. మీ జనరేటర్ మూడు నెలలు తాగే డీజిల్ ఎంతో అంత!

ఇప్పుడు గుడ్డ. బట్టల పరిశ్రమ ఉద్గారాల మీద వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్, అపారెల్ ఇంపాక్ట్ ఇన్‌స్టిట్యూట్ కలిసి 2021లో ఒక లెక్క వేశాయి. అందులో మీలాంటి కుట్టు యూనిట్ల వాటా 9 శాతం. నూలు వడకడం 15, పత్తి లాంటి ముడి సరుకు 24, గుడ్డ తయారీ, అద్దకం, ఫినిషింగ్ కలిపి 52 శాతం. (ప్రపంచ ఉద్గారాల్లో పది శాతం బట్టలవే అని వాట్సాప్‌లో తిరిగే అంకెను మాత్రం నమ్మకండి. ఇదే లెక్కలో 2019కి తేలింది 102 కోట్ల టన్నులు, ప్రపంచం మొత్తంలో సుమారు రెండు శాతం. అదేం చిన్నది కాదు, పెంచి చెప్పాల్సిన పనీ లేదు.)

ఆ నిష్పత్తి మీకూ అటూఇటుగా వర్తిస్తుందనుకుందాం. మీ 8.4 టన్నులు తొమ్మిది శాతమైతే మొత్తం 93 టన్నులు. అంటే తాను మీ గేటు దాటి లోపలికొచ్చేసరికే 85 టన్నులు అయిపోయాయి. మీరు రేపు కరెంటు, డీజిల్ మొత్తం సున్నా చేసినా టీషర్టు కార్బన్‌లో పదో వంతు కూడా తగ్గదు. ఇది చదివి నీరుగారిపోకండి. మీకు మంచి వార్త కూడా ఇందులోనే ఉంది, ఎందుకంటే ఆ 85 టన్నుల మీద కత్తెర పెట్టేది మీ టేబుల్ మీదే.

కటింగ్‌లో గుడ్డ ఎంత పోతోందో మీకు తెలుసా? 'మామూలుగానే పోతుంది సార్' అని మాస్టర్ అంటాడు. నిట్ గుడ్డలో (టీషర్టులకు వాడే అల్లిక గుడ్డ) పదిహేను శాతం దాకా పేలికలవడం మన యూనిట్లలో మామూలే. మీ 8 టన్నుల్లో అది 1,200 కిలోలు. పండించి, వడికి, అల్లి, రంగేసి, ఇస్త్రీ చేసి, తొమ్మిది వందల కిలోమీటర్లు లారీలో తెచ్చి, కత్తిరించి, బస్తాల్లో కుక్కి చిందీ వ్యాపారికి అమ్ముతున్నాం. ఇందులో రెండు శాతం గుడ్డ మిగిలిస్తే నెలకు 160 కిలోలు. దానివల్ల తగ్గే కార్బన్ 1.7 టన్నులు. అంత తగ్గించాలంటే ఎంత సోలార్ కావాలో చూడండి: ఒక కిలోవాట్ ప్యానెల్ మన ఎండకు రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తుంది కాబట్టి 20 కిలోవాట్లు పెట్టాలి. రెండు వేల చదరపు అడుగుల చోటు, దాదాపు పది లక్షల ఖర్చు. గుడ్డ మిగిలిస్తే ఖర్చు లేకపోగా, కిలో 400 రూపాయల చొప్పున చూసుకున్నా నెలకు 64 వేలు మీ జేబులోకి వస్తాయి. నేను ఎన్ని యూనిట్లకు ఈ లెక్క చూపించానో, దాదాపు అన్ని చోట్లా మొదట వచ్చిన మాట ఒకటే: 'ఇంత చిన్న విషయమా?'

చిన్నదే, కానీ మాస్టర్‌తో కూర్చోవాలి. మొదటి వారం ఏమీ మార్చకండి. టేబుల్ పక్కన ఒక తూకం పెట్టండి. ప్రతి లే (పొరలుగా పరిచి ఒకేసారి కత్తిరించే గుడ్డ) తర్వాత వేసిన గుడ్డెంత, వచ్చిన ముక్కలెంత, పేలికలెంత, తాను చివర మిగిలిన బిట్లెంత రాయించండి. ఆ కాగితమే మాస్టర్‌తో మాట్లాడుతుంది, మీరు మాట్లాడక్కర్లేదు. ఆ తర్వాత తానుల వెడల్పు చూడండి. బిల్లులో ఒకటే వెడల్పు ఉంటుంది, కొలిస్తే అంగుళం తేడా ఉంటుంది. అన్నీ కలిపి పరిస్తే అన్నిటికన్నా సన్న తాను వెడల్పుకే మార్కర్ (గుడ్డ మీద ముక్కలు ఎలా అమరాలో చూపే గీత) వేయాలి, మిగతా వాటి అంచులు వృథా. వెడల్పు వారీగా వేరు చేసి రెండు మార్కర్లు వేసుకుంటే చాలు. చిన్న సైజు, పెద్ద సైజు ఒకే మార్కర్‌లో కలిపితే పెద్ద ముక్కల సందుల్లో చిన్నవి ఇముడుతాయి. క్యాడ్ సాఫ్ట్‌వేర్ లేకపోతే గంటల లెక్కన మార్కర్ వేసి ఇచ్చేవాళ్లు ఉంటారు, పెద్ద ఆర్డర్లకైనా వాళ్ల చేత వేయించండి. నిట్ తానును విప్పి ఒక రాత్రంతా వదిలేశాక కత్తిరించండి. అర్జెంటని వెంటనే కత్తిరిస్తే తర్వాత ముడుచుకుని కొలత తప్పుతుంది, పీసు రిజెక్టు. రిజెక్టయిన పీసుకు కార్బన్ పూర్తిగా అవుతుంది, వాడేవాడు ఉండడు.

ఇక తప్పని పేలికల విషయం. రంగులు కలిపేసి ఒకే బస్తాలో కుక్కకండి. రంగుల వారీగా వేరు చేసిన కాటన్ పేలికలను తిరుప్పూర్ వైపు మళ్లీ నూలు చేసేవాళ్లు మంచి ధరకు కొంటారు, ఎందుకంటే ఆ రంగు నూలుకు మళ్లీ అద్దకం అక్కర్లేదు. ఇలా అమ్మితే మీ టీషర్టు కార్బన్ పెద్దగా తగ్గదు, ఇంకొకడి బట్టది తగ్గుతుంది. అయినా మంచిదే.

పీసు ఎవరూ వాడకపోవడం అంటే మీ గోడౌన్ గుర్తొచ్చింది. రెండు బల్బులే అన్నారు. నిజమే. కానీ మన లెక్కలో ఒక్కో టీషర్టు 2.3 కిలోలు (93 టన్నులను 40 వేలతో భాగించండి). ఆరు వేల పీసులంటే దాదాపు 14 టన్నులు. మీ ఫ్యాక్టరీ మొత్తం నెలన్నర పాటు వాడే కరెంటు, డీజిల్ కలిపినా అంత లేదు! అదంతా చీకట్లో మడతపెట్టి ఉంది. ఆన్‌లైన్ బ్రాండ్‌లకు ఈ జబ్బు ఎక్కువ. ఫొటోలో ఎనిమిది రంగులు ఉండాలని ఎనిమిది రంగుల్లో, ప్రతి సైజులో కుట్టేస్తారు, అమ్ముడయ్యేవి నలుపు, తెలుపు, నేవీ. మీకు మెషిన్లు చేతిలో ఉన్నాయి, బయటివాళ్లకు లేని సౌకర్యం అది. డిజైన్‌కు 150 పీసులు కుట్టి వదలండి. మొదటి వారంలో కదిలితేనే మళ్లీ కత్తిరించండి, రంగేసిన గుడ్డను తానుగా ఉంచుకోండి. తాను రేపు ఇంకో డిజైన్ అవుతుంది, కుట్టిన ఎక్స్ఎక్స్ఎల్ ఆవపిండి రంగు టీషర్టు ఇంకేమీ కాదు. ఇప్పుడున్న ఆరు వేలు తక్కువ ధరకైనా వాడేవాళ్ల చేతికి వెళ్లేలా చూడండి. పారేయడం, తగలబెట్టడం మాత్రం వద్దు. యూరప్‌లో పెద్ద కంపెనీలు అమ్ముడుపోని బట్టల్ని నాశనం చేయకుండా 2026 జూలై నుంచి నిషేధం పెట్టారు కాబట్టి మీ బయ్యర్ కూడా రేపో మాపో మిగులు స్టాకు గురించి అడుగుతాడు.

ఇప్పుడు గుడ్డ తయారీ, అద్దకాలది అన్న ఆ 52 శాతం దగ్గరికి వెళ్దాం. నేను ఇరవై ఏళ్లు గుడ్డకు రంగేసే ప్రాసెస్ హౌస్‌లలో బాయిలర్లు, స్టీమ్ లైన్లు చూసుకున్నవాణ్ని కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, భరించండి.

రంగేయడం అంటే నీళ్లు కాచడం, తర్వాత ఆ నీళ్లను గుడ్డలోంచి ఆవిరి చేయడం. కాటన్‌కు బ్లీచింగ్ దాదాపు మరిగే నీళ్లలో, రియాక్టివ్ రంగు 60 డిగ్రీల్లో, ఆపైన సబ్బు నీళ్లతో వేడి ఉతుకుడు. పాలియెస్టర్‌కు 130 డిగ్రీలు కావాలి, అందుకే ప్రెషర్ మెషిన్. పాత వించ్ మెషిన్‌లో కిలో గుడ్డకు పదిహేను, ఇరవై లీటర్ల నీళ్లు పట్టేది. మంచి సాఫ్ట్ ఫ్లో మెషిన్‌లో ఐదారు లీటర్లతో అయిపోతుంది. తక్కువ నీళ్లంటే కాచేది తక్కువ, బొగ్గు తక్కువ, ఉప్పు తక్కువ. కిలో గుడ్డకు ఎన్ని లీటర్ల నీళ్లన్న ఈ లెక్కను డైయింగ్‌వాళ్ల భాషలో లిక్కర్ రేషియో అంటారు. మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

కాచడం కన్నా ఆరబెట్టడం పెద్ద ఖర్చు. లీటరు నీటిని 30 నుంచి 90 డిగ్రీలకు వేడి చేయడానికి 60 కిలో క్యాలరీలు చాలు. అదే లీటరును ఆవిరిగా మార్చాలంటే 540 కావాలి. అందుకే గుడ్డ డ్రయర్‌లోకి వెళ్లేముందు ఎంత గట్టిగా పిండారు అన్నదే అసలు విషయం. మన ఇళ్లల్లో దుప్పటి ఇద్దరు చెరో వైపు పట్టుకుని మెలేసి పిండి దండెం మీద వేసేవాళ్లు, అదే సూత్రం. టన్ను గుడ్డలో ఇంకో వంద లీటర్లు పిండేస్తే 54 వేల కిలో క్యాలరీలు మిగులుతాయి. బాయిలర్, పైపుల నష్టాలు కలుపుకుంటే పాతిక కిలోల బొగ్గు.

ఒక డైయింగ్ యూనిట్‌లో నేను పనిచేసే రోజుల్లో కాలవలో ఎప్పుడూ వేడి నీళ్లు పారేవి. చలికాలం పొద్దున్నే వర్కర్లు అక్కడే స్నానాలు చేసేవాళ్లు. మేనేజ్‌మెంట్ మంచిదని అందరం మురిసిపోయేవాళ్లం, నాతో సహా. అది మెషిన్లలో స్టీమ్ పని ముగించుకుని చల్లబడ్డ శుభ్రమైన నీరు, మళ్లీ బాయిలర్‌కు పోవాల్సింది. బాయిలర్‌లోకి వెళ్లే నీటి వేడి ఆరు డిగ్రీలు పెరిగితే ఇంధనం ఒక శాతం మిగులుతుంది. మేం 85 డిగ్రీల నీళ్లు కాలవలో వదిలి, బోరు నీళ్లు బాయిలర్‌కు పోస్తున్నాం. అది గమనించడానికి నాకే రెండేళ్లు పట్టింది. పైపు వేయడానికి మూడు వారాలు పట్టింది. (స్నానాలకు గీజర్ వేరే పెట్టించాం, లేకపోతే సమ్మె అయ్యేది.)

కాబట్టి మీ తిరుప్పూర్ డైయర్‌ను ఫోన్‌లో కాదు, వెళ్లి కలవండి. బాయిలర్‌లో ఏం కాలుస్తున్నారు, బొగ్గా, కట్టెలా, పొట్టా? కండెన్సేట్, అంటే స్టీమ్ చల్లబడ్డ ఆ వేడి నీరు, బాయిలర్‌కు వెనక్కి వస్తోందా? లిక్కర్ రేషియో ఎంత? మొదటిసారే షేడ్ కుదిరే బ్యాచ్‌లు వందకు ఎన్ని? ఈ చివరి ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు అతని మొహం చూడండి. షేడ్ కుదరక మళ్లీ రంగేస్తే నీళ్లు, ఆవిరి, రసాయనాలు దాదాపు రెట్టింపు. ఆ తప్పులో మన పాత్ర కూడా ఉంటుంది. ల్యాబ్ శాంపిల్ ఒక లైటు కింద చూసి ఒప్పుకుని, సరుకు ఇంకో లైటు కింద చూసి గొడవ చేసేది మనమే. ఇద్దరి దగ్గరా ఒకే రకం లైట్ బాక్స్ ఉంటే చాలా గొడవలు తప్పుతాయి. లేత రంగులు, ముదురు రంగుల్లో ఎంచుకునే వీలున్నప్పుడు లేతవి చూడండి, ముదురు రంగుకు ఉతుకులు ఎక్కువ. కోల్డ్ ప్యాడ్ బ్యాచ్ అనే పద్ధతిలో గుడ్డకు రంగు పట్టించి చుట్టి మామూలు గది వేడిలోనే పన్నెండు గంటలు, అంతకుపైన తిప్పుతూ ఉంచుతారు, ఉప్పు కూడా అక్కర్లేదు. అది చేసేవాళ్లు దొరికితే ఒక ఆర్డర్ ఇచ్చి చూడండి.

తిరుప్పూర్ విషయంలో ఒక చిక్కు ఉంది, తెలిసి ఉండటం మంచిది. నొయ్యల్ నది పాడైపోయిందని 2011 జనవరిలో మద్రాస్ హైకోర్టు అక్కడి డైయింగ్ యూనిట్లన్నీ మూసేయమంది. ఆ తర్వాత చుక్క మురుగు కూడా బయటికి వదలని పద్ధతి పెట్టుకున్నవాళ్లే తెరిచారు. నీళ్లు వడగట్టి, మిగిలింది మరిగించి ఉప్పు తీయడానికి కరెంటు, ఆవిరి బాగా అవుతాయి. కాబట్టి కాగితం మీద వాళ్ల కార్బన్, మురుగు వదిలేసే చోటి కన్నా ఎక్కువ కనిపించవచ్చు. ఆ అంకె చూసి చవక డైయర్ దగ్గరికి వెళ్లకండి. నది చంపి కార్బన్ తగ్గించామనే లెక్క నాకు నచ్చదు. అక్కడివాళ్లలో గాలిమరల కరెంటు ఉన్నవాళ్లు, తక్కువ నీళ్ల మెషిన్లు పెట్టినవాళ్లు ఉన్నారు, వాళ్లను వెతకండి.

నూలు, పత్తి విషయం తొందరగా ముగిస్తా. స్పిన్నింగ్‌లో కౌంటును (నూలు ఎంత సన్నం అన్నదాన్ని) బట్టి కిలో నూలుకు మూడు, నాలుగు యూనిట్ల కరెంటు పోతుంది. ఆ కరెంటు ఎక్కడిదన్నదే తేడా. పత్తిలో పెద్ద భాగం నత్రజని ఎరువుది. యూరియా తయారీకి గ్యాస్ కావాలి, చేలో వేశాక కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా గాల్లోకి పోతుంది, అది కార్బన్ డయాక్సైడ్ కన్నా 270 రెట్లు బలమైనది. ఆర్గానిక్ పత్తి వాడతామంటే మంచిదే, కానీ లాట్‌కు లాట్ ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ అడగండి. 2020లో ఆర్గానిక్ బట్టలకు ప్రమాణాలు పెట్టే గాట్స్ సంస్థే మన దేశంలో 20 వేల టన్నుల పత్తికి దొంగ కాగితాలు పుట్టించారని బయటపెట్టింది. సీసాలు కరిగించి చేసిన పాలియెస్టర్ కొత్త పాలియెస్టర్ కన్నా కార్బన్‌లో మేలు, అయితే సీసా మళ్లీ సీసా అవుతుంది, టీషర్టయ్యాక మాత్రం చాలావరకు చెత్తకే. నన్నడిగితే ఈ నారల చర్చ కన్నా ముందు జీఎస్ఎం, అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములన్నది, చూడండి. 180 గ్రాముల గుడ్డ బదులు 160తో మన్నికైన టీషర్టు కుట్టగలిగితే ఒక్క దెబ్బకు పదకొండు శాతం గుడ్డ తగ్గింది. పలచబడి మూడు ఉతుకులకే సాగిపోయేదైతే వద్దు. శాంపిల్ పాతికసార్లు ఉతికించి చూసి నిర్ణయించుకోండి.

ఇప్పుడు మీ షెడ్డులోకి వద్దాం. 110 మెషిన్లలో క్లచ్ మోటార్లు ఎన్ని? ఎవరూ కుట్టకపోయినా హమ్మని మోగుతుంటే అది క్లచ్ మోటారే. సర్వో మోటారు తొక్కినప్పుడే తిరుగుతుంది, మెషిన్ కరెంటు సగానికి పైగా తగ్గుతుంది. అన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు, కాలిపోయినవి రీవైండింగ్‌కు పంపకుండా మార్చుకుంటూ వెళ్లండి. కంప్రెసర్ ఉంటే భోజనాల టైములో ఒక పరీక్ష చేయండి: గాలి వాడే మెషిన్లన్నీ ఆపి కంప్రెసర్ ఒక్కటి ఆన్‌లో ఉంచండి. ఎవరూ వాడకపోయినా మాటిమాటికీ లోడ్ తీసుకుంటుంటే గాలి కారిపోతోందన్నమాట. ఇరవై, ముప్పై శాతం లీకులు మామూలుగా దొరుకుతాయి, సబ్బు నురుగు రాస్తే బుడగలు చూపిస్తాయి. ఇస్త్రీ సెక్షన్‌లో స్టీమ్ పైపులకు తొడుగు ఉందో లేదో చూడండి. ఫ్యాన్లు మాత్రం ఆపకండి, మే నెలలో రేకుల షెడ్డు కింద కూర్చుని కుట్టేవాళ్ల చెమటతో కార్బన్ తగ్గించడం వద్దు. పాతవి 75 వాట్లవి ఉంటే బీఎల్‌డీసీ ఫ్యాన్లు 30 వాట్లతో అదే గాలి ఇస్తాయి. రేకుల మీద తెల్లటి కూల్ పెయింట్ వేయించండి, తెలంగాణ ప్రభుత్వం కూడా 2023లో దీని కోసమే కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది.

ఇవయ్యాక సోలార్. మీ అబ్బాయి ఆలోచన తప్పని నేననడం లేదు. మీ పని పగలే, ఎండ పగలే, కరెంటు బిల్లు తగ్గి కొన్నేళ్లలో డబ్బు తిరిగొస్తుంది. మోటార్లు మార్చాక ఎన్ని యూనిట్లు కావాలో చూసి అంతకే పెట్టండి, రేకులు ఆ బరువు మోస్తాయో ముందు ఇంజినీర్‌కు చూపించండి. పైకప్పు చాలకపోతే బయటి సోలార్ ప్లాంట్ నుంచి ఓపెన్ యాక్సెస్‌లో కొనుక్కోవచ్చు, 2022 రూల్స్‌తో 100 కిలోవాట్ల లోడ్ ఉన్నవాళ్లకు కూడా ఆ వీలు వచ్చింది. జనరేటర్ తీసేయడం మాత్రం కుదరదు. మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ లైన్‌లో కరెంటు పోతే తనూ ఆగిపోతుంది, లైన్ మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలా చేశారు. మండుటెండలో ప్యానెళ్లు మెరుస్తూ ఉంటాయి, కింద జనరేటర్ మోగుతూ ఉంటుంది. దాన్ని జనరేటర్‌తో కలిపి నడిపే కంట్రోలర్ పెడితే డీజిల్ కొంత తగ్గుతుంది. కొటేషన్‌లో అది ఉందో లేదో అబ్బాయిని చూడమనండి.

కన్సల్టెంట్ సర్టిఫికెట్‌కు మూడున్నర లక్షలు ఇవ్వకండి. ఇది మీ చెవిలో పువ్వు పెట్టడమే. మీ బయ్యర్ అడిగింది మీరు ఎంత వదులుతున్నారని, ఎన్ని మొక్కలు నాటారని కాదు. స్కోప్ 1, 2, 3 లెక్కలో మొక్కల్ని తీసివేయడానికి గడి ఉండదు, వేరేగా చూపించాలి. సొంత బ్రాండ్ లేబుల్ మీద 'కార్బన్ న్యూట్రల్' అని వేస్తే ఇంకో తలనొప్పి. మన దేశంలో వినియోగదారుల రక్షణ అథారిటీ 2024 అక్టోబర్‌లో 'పర్యావరణానికి మేలు' అనే ప్రచారాల మీద మార్గదర్శకాలు ఇచ్చింది, రుజువులు చూపించాలి. యూరప్‌లో అయితే ఇలా మొక్కల లెక్కతో వస్తువును న్యూట్రల్ అని చెప్పడం 2026 సెప్టెంబర్ నుంచి నిషేధం. ఆవరణలో వేప మొక్కలు నాటండి, నీడకు. ఆ మూడున్నర లక్షలు పెట్టి సర్వో మోటార్లు కొనండి.

బయ్యర్‌తో మాట్లాడేటప్పుడు బెదిరిపోకండి. అతనికీ పైనుంచి ఒత్తిడి ఉంది. ఇక్కడ పెద్ద లిస్టెడ్ కంపెనీలను సెబీ అడుగుతోంది, అక్కడ యూరప్ కంపెనీలను వాళ్ల చట్టాలు అడుగుతున్నాయి, అందరూ కిందివాణ్ని అడుగుతున్నారు. అందుకే షీట్ వెనక్కి పంపేటప్పుడు మీరూ కొన్ని అడగండి. శాంపిల్ అప్రూవల్ పది రోజులు ఆలస్యం చేసి, చివర్లో విమానంలో పంపమంటాడా? టన్ను సరుకు ఇక్కణ్నుంచి యూరప్‌కు విమానంలో వెళ్తే నాలుగు టన్నుల కార్బన్ డయాక్సైడ్, అంతకుమించి. ఓడలో అయితే దానిలో పదో వంతు కూడా ఉండదు. ఒక్క రెండు టన్నుల కన్‌సైన్‌మెంట్ అలా ఎగిరిందంటే మీ నెల కరెంటు మొత్తం ఎగిరినట్టే. 180 బదులు 160 జీఎస్ఎం ఒప్పుకుంటాడా? సైజుల నిష్పత్తిలో కొంచెం వెసులుబాటు ఇస్తాడా, మార్కర్ బాగా కుదిరేలా? ఇవన్నీ అతని సంతకంతో జరిగే పనులు. మర్యాదగా, అంకెలతో రాయండి.

మూడు వారాల గడువు గురించి భయపడ్డారు. ఈ వారం పన్నెండు నెలల కరెంటు బిల్లులు, డీజిల్ బిల్లులు, ఏసీ సర్వీసు కాగితాలు ఒక ఫైల్‌లో పెట్టించండి, స్కోప్ 1, 2 పూర్తిగా నింపేయవచ్చు. స్కోప్ 3లో కొన్న గుడ్డను రూపాయల్లో కాకుండా కిలోల్లో, నార రకం వారీగా, ఎక్కడ రంగేశారో రాసి ఇవ్వండి. డైయర్ నుంచి వివరాలు రాకపోతే 'అంచనా' అని స్పష్టంగా రాయండి, కల్పించి నింపకండి. వచ్చే ఏడు ఆ అంకెతోనే మిమ్మల్ని పోలుస్తారు. 2030 గడిలో కూడా ఇప్పుడే గొప్ప శాతం వేయొద్దు. పీసుకు ఎన్ని గ్రాముల గుడ్డ పడుతోంది, అది ఎంతకు తెస్తారు, ఈ రెండు అంకెలు వేసి, మిగతాది డైయర్‌తో మాట్లాడాక ఆరు నెలల్లో పంపుతామని రాయండి. పేలికల తూకం రేపు పొద్దున్నే మొదలైతే, షీట్ పంపే రోజుకు మీ చేతిలో మూడు వారాల లెక్క ఉంటుంది, అది కూడా జత చేయండి.